అమలమ్మగారి మంగళవారాలు

గవర్నర్‌పేటలో ఒక హోటల్ హాల్లో మూడు రోజులు సంఘ నాయకత్వ శిక్షణ పొంది, సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించుకున్నాక, ఇరవై ఏళ్లుగా పాస్టరుగా ఉన్న నాకు సంఘం నడపడమే రాదని తెలిసింది. తెలిసి ఊరుకున్నా బాగుండేది. నడపడం మొదలుపెట్టాను.

ముందు గృహదర్శనాల మీద పడ్డాను. ఇంటికి పదిహేను నిమిషాలు, రోజుకు ఆరిళ్లు, చివర ఫలితం రాయడానికి ఒక గడి. ఫారాలు అచ్చువేయించి, ఇళ్లకు వెళ్లే సంఘ సేవకులకు పంచితే అందరూ బుద్ధిగా నింపారు, అమలమ్మగారు తప్ప.

ఆవిడ మా గుణదల సంఘానికి బైబిల్ ఉమన్, అంటే ఇంటింటికీ వెళ్లి వాక్యం చదివి ప్రార్థన చేసే మనిషి. పెళ్లికి ముందు కంకిపాడు పొలాల్లో నాట్లు వేసింది. పెళ్లయ్యాక వన్ టౌన్ గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసింది. భర్త పోయాక ఈ జీతం లేని పనిలో చేరి, మోకాళ్ల నొప్పులతోనే కొండవాలు ఇళ్ల మెట్లన్నీ ఎక్కుతుంది. మంగళవారం మాత్రం పూటంతా లాజరుగారింట్లోనే. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన గుడికి రావడం లేదు. అక్కడ ఈవిడ ఏం చేస్తుందని ఆరా తీశాను. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుందట. ఒక్కోసారి ప్రార్థన చేయడం కూడా మరిచిపోతుందట.

ఫలితం గడిలో సున్నా వేసి, "ఇక మీరు విశ్రాంతి తీసుకోండమ్మా," అన్నాను. జీతం లేని ఉద్యోగంలోంచి కూడా మనిషిని తీసేసిన ఘనత ఈ చుట్టుపక్కల నా ఒక్కడిదే.

"అలాగేనండీ అయ్యగారూ," అని ఆవిడ వెళ్లిపోయింది.

ఆ మంగళవారాలు నేనే వెళ్లాను. కీర్తన చదివి, ప్రార్థన చేసి, పన్నెండు నిమిషాల్లో బయటపడి, మూడు నిమిషాలు మిగిల్చానని మురిసిపోయాను. మూడోవారం లాజరుగారు గోడ పట్టుకుని లేచారు. మనిషి సగమయ్యారు.

"అమలమ్మగారు రావట్లేదేంటండీ?"

"పెద్దావిడ కదండీ, విశ్రాంతి ఇచ్చాం."

"ఏం లేదండీ. ఆవిడ కూర్చునుంటే ఎలాగో కూర వండేవాణ్ణి. రెండు మూడ్రోజులకి సరిపోయేది. ఇప్పుడు స్టవ్ దగ్గరికి పోబుద్ధి కావట్లేదు. బన్ను తిని పడుకుంటన్నానండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా అమలమ్మగారింటికి నడిచాను. దారిలో నా క్షమాపణను మూడు అంశాలుగా విభజించుకున్నాను. శిక్షణ అంత తేలిగ్గా వదలదు.

మొదటి అంశం పూర్తికాకముందే ఆవిడ అడ్డుపడింది.

"లాజరుగారు వండుకుంటన్నారా అండీ?"

"లేదమ్మా."

ఆవిడ గబగబా చిక్కుడుకాయలు సంచిలో పోసుకుని చెప్పులు తొడుక్కుంది.

"క్షమాపణలు ఆదివారం చెబుదురుగానీ, ముందు ఆటో పిలవండి."