తక్కువ తినే బ్రౌజరు

మా ఇంట్లో ఉన్న కంప్యూటరు, నేను ఒకప్పుడు పనిచేసిన జిరాక్స్ షాపుది. షాపు మూతపడిన రోజు యజమాని దాన్ని నా చేతిలో పెట్టి, "నువ్వే తీసుకుపోప్పా, నాకెందుకీ పెట్టె" అన్నాడు. ఉచితంగా వచ్చింది కదా అని తెచ్చుకున్నాను. తర్వాత నేను రాయదుర్గంలో జీన్స్ మూటలు తోలే ఆటో పట్టుకున్నాను, కంప్యూటరు మాత్రం ఇంట్లో ఒక మూల గుడ్డ కప్పుకుని కూర్చుంది. దాని మీద గుడ్డ తీయాల్సిన అవసరం నా భార్య వల్ల వచ్చింది.

ఆమె అప్పటికి చాలా కాలంగా రాయదుర్గంలోనే జీన్స్ కుట్టే యూనిట్లో పనిచేస్తోంది. ఆ జీన్స్ గుడ్డ నుంచి లేచే నూగు గొంతులోకి పోయి దగ్గు పట్టుకుంది. డాక్టరు మందులు రాసిచ్చి, ఆ దుమ్ములో కూర్చున్నంత కాలం ఇవి పనిచేయవని కూడా చెప్పాడు. అదే సమయంలో బెంగళూరు కంపెనీ ఒకటి ఇంటి నుంచి చేసే పని ఇస్తోందని తెలిసింది. జనం మాట్లాడిన మాటలు విని, ఉన్నదున్నట్టు టైపు చేయాలి. తెలుగూ కన్నడమూ రెండూ రాయడం వచ్చినవాళ్లు కావాలి. ఆమె పుట్టిల్లు సరిహద్దుకు అవతల, చదివింది కన్నడ బడిలో, బతుకుతున్నది తెలుగులో. ఇంతకంటే తగిన మనిషి వాళ్లకు ఎక్కడ దొరుకుతుంది? అయితే ముందు ఒక పరీక్ష రాయాలి, అదీ ఫోన్లో కాదు, కంప్యూటరులోనే.

అలా బ్రౌజరు వెతుకులాట నా నెత్తిన పడింది. ఎవరినడిగినా ఒకే బ్రౌజరు పేరు చెబుతారు. అందరూ వాడుతున్నారు కాబట్టి మంచిదంటారు. అందరూ ఎక్కే బస్సులో మనకు సీటు దొరకదని మాత్రం ఎవరూ చెప్పరు. దాన్ని తెరిస్తే మా పెట్టెలో ఫ్యాను హోరెత్తిపోయేది. ఆమె ఒక అక్షరం కొడితే, అది తెర మీదికి రావాలా వద్దా అని ఆలోచించుకుని వచ్చేది. కంప్యూటరుతో పాటు పుట్టిన పాత బ్రౌజరు ఇంకొకటి ఉంది. అది చటుక్కున తెరుచుకుంటుంది గానీ, కంపెనీ పేజీ దాన్ని గుమ్మం దగ్గరే ఆపేసింది.

మూడోది నేనే వెతికి పట్టుకున్నాను. కూలికి మనిషిని పిలిచేటప్పుడు ఎంత పని చేస్తాడో చూస్తాం. పాత కంప్యూటరుకు బ్రౌజరును పిలిచేటప్పుడు మాత్రం ఎంత తింటుందో చూడాలి. ఇది తక్కువ తింటుంది. మా నెట్టు అంటే కిటికీ ఊచకు కట్టిన ఫోను నుంచి వచ్చేదే కాబట్టి, ఆ చిన్న బ్రౌజరు దిగడానికే ఒక పూట పట్టింది. దిగిన వెంటనే దాంట్లో బొమ్మలు రాకుండా ఆపేశాను. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ గడి కనిపించింది.

"బొమ్మలు రావా?" అంది ఆమె.

"నువ్వు బొమ్మలు చూసేదానికి కాదు, మాటలు వినేదానికి" అన్నాను.

గొంతులు తెగకుండా వినిపించాయి. అక్షరాలు వేళ్ల వెంటే వచ్చాయి. దానికి ఒక్కటే లోపం. నడుమ కంప్యూటరు ఆగిపోతే అంతవరకూ రాసిందంతా పోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మా ఇల్లు ఊరి చివర, చేల పక్కన. చేల ట్రాన్స్‌ఫార్మరు నుంచే మాకూ లైను. పొద్దున త్రీఫేజు కరెంటు రాగానే బోర్ల మోటార్లన్నీ ఒక్కసారిగా తిరుగుతాయి, ఎందుకంటే ప్రతి రైతూ తన మోటారుకు 'ఆటో' పెట్టుకుని ఉంటాడు. కరెంటు వస్తే దానంతట అదే ఆడుతుంది, మనిషి పోనవసరం లేదు. ఆ దెబ్బకు మా బల్బు సన్నగిల్లుతుంది, కంప్యూటరు ఠక్కున ఆరిపోతుంది. పరీక్ష పెట్టిన సమయం సరిగ్గా ఆ త్రీఫేజు వచ్చే వేళే.

పరీక్షకు ముందురోజు నేను చేల వెంట తిరిగి అందరినీ అడిగాను. ఒక్క పూట ఆటో తీసేయండి, ఆమె పరీక్ష ముగిసినాక మీరే పోయి మోటారు వేసుకోండి అని. చెనక్కాయ కాయ ఊరుతున్న రోజులు అవి. వాన మొహం చాటేసి చాలా కాలమైంది. అందరికంటే పెద్దవాడు, నేను మామా అని పిలిచే ఆయన, పార భుజాన వేసుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, నీ కంప్యూటరుకు నా చేను ఎండాల్నా?"

"నా కంప్యూటరుకు కాదు మామా, ఆయమ్మి దగ్గుకు."

ఆయన భుజం మీది పార దించాడు. "ఆ దగ్గు నా చేలోకి గూడా ఇనపడతాండాది. సరే, తీసేస్తాలే పో" అన్నాడు. మిగతావాళ్లూ ఒప్పుకున్నారు.

పరీక్ష రోజు త్రీఫేజు వచ్చింది. ఒక్క మోటారూ ఆడలేదు. బల్బు రెప్ప కూడా వేయలేదు. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఆమె వేళ్లనే చూస్తున్నాను. ఆమె చెవుల్లో కన్నడం, తెర మీద కన్నడం, తర్వాత తెలుగు. ఇంత బాగా రాస్తుందని నాకు తెలియదు. గర్వంగా అనిపించింది.

కాసేపటికి బయట చెప్పుల చప్పుడైంది. మామ వచ్చి వసారా అంచున నిలబడ్డాడు. ఆ వెనకే ఇంకో ఇద్దరు. పరీక్ష అయిపోగానే చెబితే వెంటనే పరుగెత్తి మోటార్లు వేసుకోవచ్చని వచ్చారు, అంతే. కరెంటు ఉండేదే కొన్ని గంటలు. అందులో పోయే ప్రతి నిమిషమూ వాళ్ల నీళ్లే. నేను లేచి, ఇంకా టైముందని సైగ చేశాను. మామ తల ఊపి, ఆమెకు వినిపించకూడదని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు.

ఆమె కిటికీలోంచి చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది. ఇంకో మాటల ముక్క విని రాసింది. మళ్లీ కిటికీ వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. తెర మీద ఇంకా మూడు ముక్కలు మిగిలి ఉన్నాయి, టైమూ ఉంది. నేను "చూడొద్దు, రాయి" అనేలోపే ఆమె పంపే బటన్ నొక్కేసింది.

"అయిపోయింది మామా!" అని బయటికి కేక వేసింది.

ముగ్గురూ చేల వైపు పరుగెత్తారు. నిమిషంలో ఒక్కొక్క మోటారూ అందుకుంది, బల్బు సన్నబడింది, కంప్యూటరు ఆరిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మూడు ఉండాయి గదా! ఏం మునిగిపోయిందని?"

"వాళ్లు ఆడ నిలబడి ఉంటే నాకు చెవికి ఏమీ ఎక్కలే. నీళ్లు పోతాండాయి వాళ్లవి" అంది. ఆ మాటతో హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది.

కొన్ని వారాల తర్వాత కంపెనీ జవాబు వచ్చింది. రాసినవన్నీ బాగున్నాయట, మూడు రాయనందువల్ల తీసుకోలేదట. ఇదే పరీక్ష మళ్లీ రాయడానికి వీల్లేదట. ఆమె చదివి కంప్యూటరు మీద గుడ్డ కప్పింది.

చెనక్కాయ పీకిన రోజు మామ తువ్వాలులో పచ్చికాయలు మూటగట్టుకుని వచ్చాడు.

"ఆ పొద్దు నువ్వు బిరీన ముగించినావు గాబట్టి నా చేనుకు తడి అందిందమ్మా. లేకుంటే తాలు కాయలే. అవునూ, ఉద్యోగం వచ్చినాదా?"

నేను నోరు తెరిచాను. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు.

"యాడొస్తాది మామా. పాత కంప్యూటరు, నెట్టు నిదానం. ఈయన పెట్టిన బ్రౌజరు గూడా మంచిది కాదంట" అంది నవ్వుతూ.

"ఏమప్పా, మంచిది చూసి పెట్టల్ల గదా?" అని మామ నన్ను తిట్టాడు. నేను తల ఊపాను. ఆమె కాయలు చేటలోకి ఒంపుకుంది. మరుసటి రోజు పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని రాయదుర్గం బస్సెక్కింది.