ఆదిశేషమ్మవ్వ చచ్చిన నాలుక

మా ఆదిశేషమ్మవ్వకు ఉప్పు తెలియదు. విడవలూరుకు ఆరు మైళ్ళ దూరంలో, ఒక పక్క ఉప్పుమడులు, ఇంకో పక్క సముద్రం, తూర్పుగాలి వీస్తే పెదవుల మీద ఉప్పు పేరుకునే ఊరు మాది. ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే పెళ్ళాడి, అరవై ఏళ్ళు బతికిన మనిషి, చారులో ఉప్పు పడిందో లేదో తనకు తెలియదనేది. "నా నాలిక చచ్చిపోయింది మే" అని కనబడిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది. చెప్పేటప్పుడు దగ్గరి చుట్టం పోయినట్టు ముఖం పెట్టేది.

ఎలా చచ్చిందని అడిగితే మాత్రం మనిషికో మరణం. చిన్నప్పుడు అమ్మవారు పోసి చచ్చిందని మా అమ్మకు చెప్పింది. పెళ్ళిలో కాగే పాయసం తాగి చచ్చిందని మా నాయనకు చెప్పింది. పూజారి పద్మనాభయ్యగారు పాపం జాలిపడి అడిగితే, "ఏం చెప్పేది సామీ! మా ఆయనకు వండను రాదు, వంకలు పెట్టను వచ్చు. నలభై ఏళ్ళు జవాబు చెప్పీ చెప్పీ అరిగి చచ్చింది" అంది. ఆయన చెవులు మూసుకుని వెళ్ళిపోయాడు. నాకు తెలిసి ఆ నాలుక పదకొండుసార్లు చచ్చింది.

అవ్వకు రెండెద్దులు ఉండేవి. వాటికోసం రోజూ దొడ్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండతో ఉలవలు ఉడికేవి. ఉలవలు ఎద్దులకు, ఆ నీళ్ళతో కాచిన చారు మనుషులకు. బడి వదలగానే మా వీధి పిల్లలం, చేపల పాళెం పిల్లలు, అందరం పలకలు పంచలో పారేసి ఆ కుండ చుట్టూ చేరేవాళ్ళం. నాకప్పుడు పదేళ్ళు. చైనా యుద్ధం ఏడాది.

ఊరికే నిలబడితే అవ్వ ఊరుకునేది కాదు. ఒకరు చింతపండు పిసకాలి, ఒకరు రోట్లో జీలకర్ర, వెల్లుల్లి దంచాలి, ఒకరు సరుగుడు పుల్లలు ఎగదోయాలి. పాళెంలో ఉండే అంకాలమ్మ కొడుకు చిన్నపోలయ్యది చింతపండు పని.

"చేతులు కడిగినావా రా?"

"కడిగినా అవ్వా."

"ఏదీ చూపించు. థూ, ఇది చెయ్యా, రొయ్యా? పోయి మళ్ళీ కడుగు!"

చారు చిక్కబడి, ఎర్రగా, బొబ్బలు లేస్తూ ఉడికేటప్పుడు అసలు పని మొదలయ్యేది. అవ్వ కొబ్బరిచిప్ప గరిటె పట్టుకుని పీట మీద కూర్చునేది.

"చిన్నపోలయ్యా, ఉప్పు జూడు."

వాడు దోసిట్లో పోయించుకుని జుర్రేవాడు. "సరిపోయింది అవ్వా."

"ఒట్టి చారులో ఏం తెలస్తది రా నీ మొహం! సంకట్లో కలిపి జూడాల."

పక్కనే సంకటి కుండ తయారుగా ఉండేది. అది అక్కడ ఎందుకుందో మాలో ఎవరికీ సందేహం రాలేదు. వాడు ముద్ద కలుపుకుని తినేవాడు.

"ఇప్పుడు జెప్పు."

"సరిపోయింది అవ్వా."

"ఎడం పక్క దవడతో నమిలినావు. కుడి పక్కకు యాడ తెలిసింది? ఇంకో ముద్ద తిను."

కుడి పక్క తేలాక వాడి చెల్లెలు చెంచమ్మ. దానికి ఐదేళ్ళు. అది ఎప్పుడూ "తక్కువుండాది" అనేది. నేను ఎక్కువైందనేదాన్ని. ఉప్పు వేస్తే పులుపు చాలదు, పులుపు పోస్తే కారం చాలదు, కారం వేస్తే మళ్ళీ ఉప్పు చూడాలి. అందరి దవడలూ అయ్యేసరికి కుండ అడుగు కనబడేది. "అయ్యో రామా, ఉప్పు జూసేదానికే అయిపోయిందే! రేపన్నా సరిగ్గా జెప్పండి, దరిద్రుల్లారా!" అని అవ్వ మమ్మల్ని తరిమేది.

మా అమ్మ మాలకొండమ్మకు ఇది గిట్టేది కాదు. మాది మడీ ఆచారం ఉన్న ఇల్లు.

"ఇంతమంది ఎంగిలి చేసినాక, ఆ చారు దేవుడి ముందర ఎట్టా పెడతావు పెద్దమ్మా?" అని ఒకరోజు అడిగేసింది.

"ఒక తూరి ఎంగిలి కాకముందే పెట్టినాలే మాలకొండా. ఉప్పు సరిపోయిందా సామీ అని అడిగినా. పలకలా. ఈ పిల్లకాయలైతే పలకతారు."

మా అమ్మ లెంపలేసుకుంది. నన్నూ వేసుకోమంది. నేను వేసుకున్నాను కానీ నవ్వు ఆగలేదు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ మాట గుర్తొచ్చి, వత్తి పక్కకు పోతుంది.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. పదిహేను రోజులు సముద్రం మీదికి పడవ దిగలేదు. పాళెంలో చాలా ఇళ్ళ పొయ్యిలు చల్లబడ్డాయి. అంకాలమ్మ ఇంట్లో మరీను. కానీ అంకాలమ్మతో ఆ మాట అనగలవాళ్ళు ఎవరు? చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధిలోకి వస్తే, బేరమాడడానికి మగవాళ్ళు కూడా జంకేవారు. "మా ఇంటోళ్ళు ఒకరి గడపలో చెయ్యి చాపరు" అన్నది ఆమె పట్టుదల. మా నాయన రెండు మానికల బియ్యం పంపిస్తే, "అన్నకు చెప్పండి, ఆయన మంచోడని" అని తిప్పి పంపింది. ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని, ఇంట్లో ఉన్న రెండు ఎండుచేపలు ఆ బియ్యం మీద పెట్టి మరీ పంపింది.

ఆ పదిహేను రోజులూ ఆదిశేషమ్మవ్వ నాలుక ఘోరంగా చచ్చింది. సాయంత్రం ఒకసారి ఉప్పు చూస్తే చాలడం లేదు, పొద్దున కూడా చూడాల్సి వచ్చింది. తాటాకుల పందిరి కిందికి పొయ్యి మార్చి, కొత్తగా ఇంకా పెద్ద కుండ ఎక్కించింది. ఎద్దులు రెండే. ఉడికే ఉలవలు ఆరెద్దులకు సరిపోను.

కొంప ముంచింది చెంచమ్మ. ఒక రాత్రి వాళ్ళమ్మ గంజి పోస్తే, "నాకొద్దు, అవ్వ కాడ మూడు తూర్లు ఉప్పు జూసినా" అంది.

మర్నాడు పొద్దున్నే అంకాలమ్మ వానలో తడుస్తూ వచ్చేసింది. పిల్లలిద్దరినీ చెరో రెక్కా పట్టుకుని ఉంది. మా చేతుల్లో ముద్దలు అలాగే ఆగిపోయాయి. ఆమె ఒక్క మాట వద్దంటే, ఆ ఇద్దరూ ఇంట్లో ఆ పలచటి గంజితోనే ఉండాలి. అది నా పదేళ్ళ బుర్రకు కూడా తెలుసు.

"పెద్దమ్మా! మా పిల్లకాయలకు కూడు పెడతుండావంట?"

"కూడా? ఎవురు మే చెప్పింది? ఉప్పు జూపిస్తుండా."

"కడుపు నిండేదాకానా?"

"నీ కొడుక్కి ఒక పట్టాన తెలిసి చస్తే గదా! రెండు దవడలూ ఒక మాట మీద ఉండవు వాడికి. నా నాలిక చచ్చిపోయిందని నీకు తెలీదా?"

"తెలీదు. ఇప్పుడు జూస్తా." అంకాలమ్మ పిల్లల్ని వదిలి, గరిటెడు చారు ముంచి, పక్కనున్న రాళ్ళ ఉప్పు గుప్పెడు అందులో కొట్టి కలిపింది. "చచ్చిన నాలికే అయితే, తాగు."

నాకు భగవన్నామం తప్ప ఇంకేమీ తోచలేదు. అబద్ధమాడితే పాపమని మా అమ్మ నేర్పింది. ఆ రోజు మాత్రం, స్వామీ, ఆ అబద్ధం నిలబెట్టు తండ్రీ అని మొక్కుకున్నాను.

అవ్వ గరిటె అందుకుంది. గుటక గుటకగా, అడుగున కరగని ఉప్పురాళ్ళతో సహా తాగింది. మూతి తుడుచుకుంది.

"చప్పగా ఉండాది మే," అంది. "ఇంకొంచెం వెయ్యాలేమో."

"కండ్లల్లో నీళ్ళేంది పెద్దమ్మా?"

"పొగ. పుల్లలు తడిసినాయి."

అంకాలమ్మ ఆ కళ్ళ వంక చూడలేదు, కిందికి చూసింది. అవ్వ కాలివేళ్ళు పదీ బురదలో ముడుచుకుపోయి ఉన్నాయి.

"నిజమే," అంది చివరికి. "చచ్చిపోయింది, పాపం."

"మరేందనుకున్నావు!"

"మా పిల్లకాయలు కూటికి ఒకరింటికి పోరు పెద్దమ్మా. పనికైతే పోతారు. ఇది పని గాబట్టి తోలతా. పొద్దునా, సాయంత్రమూ."

"పెందలాడే తోలు. ఆలస్యంగా వస్తే ఊరుకునేదాన్ని గాదు."

అంకాలమ్మ మలుపు తిరిగిందో లేదో, "ఇందిరా! నీళ్ళు మే! చెంబు గాదు, బిందె!" అని అవ్వ నన్ను కేక వేసింది. ఆ పూటంతా ఉప్పు సంగతి ఎవరినీ అడగలేదు.

ముసురు తెరిపిచ్చింది. పడవలు దిగాయి. నాలుగో రోజు సాయంత్రం మేము కుండ చుట్టూ ఉండగా, అంకాలమ్మ తలంటుకుని, పువ్వులు పెట్టుకుని వచ్చింది. చేతిలో మూత పెట్టిన మట్టి చట్టి. మూత తీస్తే వంజరం చేపల పులుసు, నూనె తేలి మిలమిలలాడుతోంది. ఒకరిద్దరికి సరిపోయేంత కాదు, చట్టి నిండా.

"ఇదేంది మే?" అంది అవ్వ.

"జొరమొచ్చి నా నాలిక చచ్చిపోయింది పెద్దమ్మా," అంది అంకాలమ్మ, దగ్గరి చుట్టం పోయినట్టు ముఖం పెట్టి. "ఉప్పు సరిపోయిందో లేదో తెలీకుండా ఉండాది. నువ్వు రొంత జూడు."

అవ్వ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

"మెంతులు రొంత ఎక్కువ వేగినాయి మే."

చిన్నపోలయ్య నోరు తెరిచాడు.

"చచ్చిన నాలిక్కి మెంతులు వేగింది తెలిసిందా పెద్దమ్మా?" అంకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అవ్వ ఒక్క క్షణం తడబడింది. ఆమె తడబడగా నేను చూసింది అదొక్కసారే. తర్వాత చట్టి తన దగ్గరికి లాక్కుంది.

"మెంతులు తెలస్తాయి. ఉప్పే తెలీదు," అంది. "ఏమే ఇందిరా, ఆ సంకటి ఇట్టా జరుపు. ఒట్టి పులుసులో ఏం తెలస్తది!"