తాతను నిద్రపుచ్చిన మధ్యాహ్నం

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన, ఒక జూన్ మధ్యాహ్నం, మామిడికాయల లారీలూ ట్రాక్టర్లూ కలిపి ముప్పై రెండు బళ్లు కదలకుండా నిలబడిపోయిన సంగతి మీలో ఎవరికైనా గుర్తుంటే, నన్ను క్షమించండి. అది ప్రమాదం కాదు, సమ్మె కాదు, మంత్రిగారి రాక కూడా కాదు. నేను ఒక మీట నొక్కాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, తిరుపతిలో ఎంసీఏ పూర్తిచేసి, బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగంలో చేరాను. సీజన్లో ఆ ఫ్యాక్టరీలో మెలకువగా ఉండటమే సగం ఉద్యోగం. ఉడుకుతున్న గుజ్జు వాసనకు గాలి చిక్కబడి, చెంచాతో తీసుకుని తినొచ్చు అన్నట్టుండేది. ఫ్యాను తిరిగేది, కళ్లు తెరుచుకునే ఉండేవి, నేను మాత్రం బెంగుళూరులో ఉండేవాణ్ణి. అక్కడ ఒక అద్దాల మేడ, చల్లటి గది, తలుపు మీద నా పేరు. ఆ తలుపు దాకా వెళ్లాలంటే ఈ ఊళ్లో ముందొక ఘనకార్యం చేసి చూపించాలి కదా.

ఫ్యాక్టరీలో ఏడు కంప్యూటర్లు. తిరుపతి చుట్టుపక్కల ఏడు వస్తువులుంటే వాటికేం పేర్లు పెడతారో మీకు చెప్పాలా? లెక్కలన్నీ ఉండే పెద్ద మిషను వేంకటాద్రి. గేటు దగ్గర బళ్లు తూచే కాటా రూములోది నారాయణాద్రి. కొండలు ఏడే కాబట్టి, మూలనున్న ఎనిమిదో మిషనుకు పేరు మిగల్లేదు. దాన్ని తాత అనేవాళ్లు. దాని పని ఒకటే: ఏ మిషనైనా "వేంకటాద్రి యాడుండాడు?" అని అడిగితే, ఫలానా అంకె దగ్గర అని చెప్పడం. పుస్తకాల్లో దీన్ని విన్స్ సర్వరు అంటారు. ఆరేళ్లుగా రెప్ప వాల్చలేదని చెప్పుకునేవాళ్లు. ఆయుధపూజకు పెట్టిన కుంకుమ బొట్టు నుదుటి మీద ఎండిపోయి, ఆ మూల గుర్రుమంటూ ఉండేది.

ఈ దారి చెప్పే పనికి కొత్త పద్ధతి వచ్చేసింది. దాన్ని నేనే పెట్టాను. ఇంకా తాత దేనికి? "పాత సర్వరు తీసేస్తున్నాము. అభ్యంతరాలుంటే మూడు రోజుల్లో తెలపండి" అని ఆఫీసు నోటీసు బోర్డుకు కాగితం అంటించాను. ఎవరూ పలకలేదు. నా సంస్కరణకు జనామోదం లభించిందని అర్థం చేసుకున్నాను. క్యాంటీన్ పప్పు గురించి అదే బోర్డుకు అంటించిన కాగితానికీ ఎవరూ పలకలేదన్నది నాకప్పుడు తోచలేదు.

సోమవారం మధ్యాహ్నం మీట నొక్కాను. గుర్రు ఆగింది. గదంతా మెత్తటి నిశ్శబ్దం. ఆఫీసులోని ఆరు కొండలూ ఒకదాన్నొకటి చక్కగా కనుక్కున్నాయి. ఏడోది గేటు దగ్గరుంది. దాన్ని పరీక్షించాలంటే ఎండలో పావు కిలోమీటరు నడవాలి. నేను చదువుకున్నవాణ్ణి. నడవలేదు.

నారాయణాద్రి బాగా పాతది, కొత్త పద్ధతి దానికి తెలియదు. అయినా తాత ఉండగా పట్టుకున్న దారినే పట్టుకుని రెండు రోజులు మామూలుగా పనిచేసింది. ఆ రెండు రోజులూ నేను నా కుర్చీలో కూర్చునే బెంగుళూరులో ఉన్నాను. బుధవారం మధ్యాహ్నం గేటు దగ్గర కరెంటు పోయింది, వచ్చింది. ఆరిపోయి వెలిగిన నారాయణాద్రి పట్టుకున్న దారి కాస్తా మరిచిపోయింది. కాటా రూము చెంగల్రాయుడు ఫోను చేశాడు.

"సార్, ఈ మిషనుకు వేంకటాద్రి కనపడలేదంట."

"ఇంకోసారి చూడమను."

"సూస్తానే ఉండాది సార్, అర్ధగంటగా."

వేంకటాద్రి నుంచి నంబరు రాకపోతే కాటా చీటీ రాదు. చీటీ లేకపోతే బండి లోపలికి రాదు. పరిగెత్తాను. మిషను ఆపి వెలిగించాను. మూడుసార్లు.

"సార్, నా దగ్గిర ఒక కాయితం..." అన్నాడు చెంగల్రాయుడు.

"కాయితాలు తర్వాత!"

వరసలో ముందున్న ట్రాక్టరు మునెమ్మది. పలమనేరు అవతలి నుంచి తెల్లారకముందే బయల్దేరిందట. ట్రాక్టరు నిండా తోతాపురి, సగం అప్పటికే మాగిపోయినవి. కొంగుతో ఈగలు తోలుకుంటూ కిటికీలోంచి తొంగి చూసింది.

"నాయనా, కోసినప్పుడు కాయ. ఇప్పుడు పండు. నువ్వింకా ఆ పెట్టెను బుజ్జగిస్తా ఉంటే పొద్దుగూకేతలికి రసం. ఏడాదికి ఒక్క కాపబ్బా మాకు."

"ఐదు నిమిషాలమ్మా."

"ఇందాక గూడా ఐదే అన్నావు."

ఇంతలో మేనేజరు రెడ్డెప్ప గారు వచ్చారు. "ఏమప్పా, ఏమిది?"

"నెట్‌వర్కులో చిన్న మార్పు సార్."

"చిన్నదే ఇట్లుంటే, పెద్దది మాత్రం సెయ్యొద్దు. సాయంత్రానికి ఆ పండ్లు పాడైతే, రేపట్నించి నువ్వు రావద్దు."

కాయ రాక బాయిలరు ఆపేశారు. ఆ ఫ్యాక్టరీలో కోకిల ఉందని నాకు ఆ రోజే తెలిసింది. లారీల కింద నీడలో డ్రైవర్లు మొహాల మీద తువ్వాళ్లు కప్పుకుని నిద్రపోతున్నారు. తేనెటీగలు తీరిగ్గా ఒక్కో బండీ తనిఖీ చేస్తున్నాయి. రోడ్డంతా పసుపురంగు వాసన. ఇంత అందమైన మధ్యాహ్నం నా చేతి మీదుగా జరిగిందా అని, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఒక్క క్షణం గర్వపడ్డాను.

తర్వాత ఆఫీసుకు పరిగెత్తి తాతకు వైరు తగిలించి మీట నొక్కాను. లోపల టక్ మంది. ఆగింది. మళ్లీ టక్. అంతకుమించి ఉలుకూ పలుకూ లేదు. వీపు తట్టాను. బతిమాలాను. బొట్టు చెరగకుండా ఒక్కటిచ్చాను. ఆరేళ్లకు దొరికిన నిద్ర, ఎవరు మాత్రం లేస్తారు?

కాళ్లీడ్చుకుంటూ గేటుకు వచ్చాను.

"సార్, ఆ కాయితం..."

"చెంగల్రాయుడూ! ఇక్కడ నా ఉద్యోగం పోతుంటే..."

మునెమ్మకు ఓపిక అయిపోయింది. "అబ్బయ్యా, ఆయప్ప ఇందాకట్నించి ఏందో సెప్పేదానికి వస్తానే ఉండాడు. నీకు సెవులుండేది కళ్లజోడు తగిలించుకునే దానికేనా?"

డ్రైవర్లలో ఒకడు తువ్వాలు కిందే నవ్వాడు. చెంగల్రాయుడు దేవుడి పటం వెనక నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతలు పడిన కాగితం ఇచ్చాడు. నాకు ముందు పనిచేసినాయన దస్తూరి. వేంకటాద్రి అంకెలు ఫలానా ఫైలులో ఒక్క వరుస రాస్తే, తాత లేకున్నా ఈ మిషనుకు దారి తెలుస్తుందని.

ఆ అంకెలు నాకు తెలుసు. ఆ పద్ధతీ తెలుసు. పరీక్షలో రాసి రెండుకు రెండు మార్కులు తెచ్చుకున్నాను.

రాశాను. ప్రింటరు గీరుమంది. మునెమ్మ చీటీ అందుకుని, బండి లోపలికి పోతుంటే ఒక పండు నా చేతిలో పెట్టింది.

"తిను నాయనా, మెలకువొస్తాది."

కాగితం తిప్పి చూశాను. వెనక ఇలా ఉంది: "కొత్తగా వచ్చినాయనకు. తాతను ఆపేసే ఉంటావు. చేరిన కొత్తల్లో నేనూ ఆపినాను. అప్పుడు లేచింది, ఇంకోసారి లేవదని ఈ కాయితం రాసిపెట్టినాను. నాకు పదిహేడు బళ్లు నిలబడినాయి. నీకెన్ని?"

"ఆ సారు గూడా నన్ను అడక్కుండానే ఆపినాడు సార్," అన్నాడు చెంగల్రాయుడు, తప్పు తనదే అన్నంత వినయంగా.

కింద "ముప్పై రెండు" అని రాసి, మడిచి, చెంగల్రాయుడి చేతికే ఇచ్చేశాను. అక్కడే, తోతాపురి రసం మోచేతి దాకా కారుతుండగా, ప్రతిజ్ఞ చేశాను: పనిచేస్తున్న ఏ ముసలి మిషన్నీ నిద్రపుచ్చను, తప్పదంటే, ముందు ఎండలో గేటు దాకా నడిచి వెళ్లి అడుగుతాను.

నేటికీ తప్పలేదు. మొన్న మా ఆవిడ పాత ఫ్రిజ్ తీసేద్దామంది. కిందికి దిగి వాచ్‌మన్‌ను అడిగి వచ్చాను. ఆయనకు అభ్యంతరం లేదట. అయినా మూడు రోజులు ఆగుతున్నాను.