మా ఆయన తొక్కుడు పెట్టె

మా ఆయన పురుషోత్తం మంచివాడని హుస్సేనీ ఆలంలో ఎవరినడిగినా చెబుతారు. నన్నడిగినా అదే మాట చెబుతాను, కాకపోతే ఆయన గిటారు భుజానికి తగిలించుకోనంతసేపే.

పాతబస్తీలో మాది లేసుల హోల్‌సేల్ దుకాణం. చీర అంచులకూ లంగాలకూ కుట్టుకునే జరీ లేసులు. పొద్దున దుకాణం తెరిచిన దగ్గర్నుంచి షట్టరు దించేదాకా ఆయన నోట గజాలు, కట్టలు, రంగులు తప్ప వేరే మాట రాదు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే ఈ మనిషికి లోకంలో లేసు తప్ప ఇంకేమీ తెలియదనుకుంటారు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి గిటారు తీశాడా, ఇక పిలిచినా పలకడు. కూర మాడుతోందన్నా వినపడదు.

కాలేజీ రోజుల్లో ఆర్కెస్ట్రాలో వాయించేవాడట. మా మామగారు కాలం చేయగానే గల్లాపెట్టె దగ్గర కూర్చోవలసి వచ్చింది. గిటారు బీరువా మీదికెక్కింది. నేను కాపురానికి వచ్చేసరికి దాని మీద దుమ్ము తప్ప ఏమీ లేదు. పిల్లలు పెద్దయ్యేదాకా దాన్ని తాకలేదు. ఒక్కోసారి బీరువాలోంచి చొక్కా తీసుకుంటూ తలెత్తి చూసేవాడు, అంతే.

మా వీధి భజన మండలిలో వయొలిన్ వాయించే ప్రహ్లాద్ మియాపూర్ వైపు ఇల్లు మారిపోవడం వల్ల మళ్ళీ దానికి మంచి రోజులొచ్చాయి. వయొలిన్ లేకుండా భజన బోసిపోయింది. మండలి పెద్ద వెంకటనారాయణగారు ఎవరన్నా ఉన్నారా అని అడిగితే, ఎప్పుడూ వెనక వరసలో తాళాలు కొట్టుకునే మా ఆయన చెయ్యెత్తాడు. వెంకటనారాయణగారిని మా ఆయన అన్నా అంటాడు, నేను బావగారూ అంటాను. ఏళ్ళ తరబడి హార్మోనియం ఆయనదే. పాడేవాళ్ళంతా ఆయన మెట్టు నొక్కి శ్రుతి ఇస్తేనే నోరు తెరుస్తారు.

"కరెంటు గిటారా?" అన్నారు బావగారు అనుమానంగా.

"కరెంటుదే అన్నా. గని తంబూర లెక్క గూడ మోగిస్త," అన్నాడు మా ఆయన.

అలా మోగించడానికి తెచ్చిందే ఆ పెట్టె. ఇనప రేకు ఒళ్ళు, పైన వరసగా బటన్లు, ఒక పక్క కాలితో ఊపే పలక. గిటారు వైరు ముందు దీనిలోకి పోయి, తర్వాత స్పీకర్లోకి పోతుంది. ఒక బటన్ తొక్కితే తంబూరా మోగినట్టుంటుంది, ఇంకోటి తొక్కితే గుడి మంటపంలో పాడినట్టు శబ్దం సాగుతుంది, మరోటి తొక్కితే కాలేజీ కుర్రాళ్ళ కచేరీయే. దాన్ని మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ అంటారట. నాకు నోరు తిరగక తొక్కుడు పెట్టె అన్నాను. ఇప్పుడు మండలిలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

వచ్చిన చిక్కేమిటంటే, భజనలో తొక్కడం కుదరదు. అందరం జంపఖానా మీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటాం. ఎదురుగా స్వామి పటం. అటువైపు కాళ్ళు చాపితే బావగారు ఊరుకుంటారా? మొదట్లో మా ఆయన మోకాలితో నొక్కేవాడు. ఒక శనివారం హారతి పాట మెల్లగా సాగుతుంటే మోకాలు జారి పక్క బటన్ మీద పడింది. గుర్రుమని ఒక శబ్దం వచ్చింది చూడండి, హారతి పళ్ళెం పట్టుకున్నావిడ చెయ్యి వణికి కర్పూరం ఆరిపోయింది. నేను తల దించుకుని ఎక్కడ నవ్వేస్తానోనని పెదవి కొరుక్కున్నాను.

దానికి మందు ఖలీల్ భాయ్ వేశాడు. చాంద్రాయణగుట్టలో ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేసే మనిషి. పెట్టెలోంచి ఒక వైరు లాగి, దాని చివర మెత్తని బటన్ పెట్టి, మోకాలి పక్కన పెట్టుకునేలా చేసిచ్చాడు. ఆ బాధ తీరింది. అసలు బాధ మాత్రం తీరలేదు.

అసలు బాధ చెవులది. మా ఆయన వాయింపుకి వంక లేదు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ శబ్దం మాత్రం సూదిలా చెవిలో గుచ్చుకునేది. పాట అందుకోగానే ముందు వరసలో కూర్చునే బాలమ్మ గారు కొంగు తీసి చెవులకు కప్పుకునేది. ఎనభై ఏళ్ళ మనిషి, మిగతా వాళ్ళలా మొహమాటం లేదు. ఆమెను చూసి పిల్లలు కూడా వేళ్ళు చెవుల్లో పెట్టుకునేవాళ్ళు.

మా ఆయనకేమో ఇంట్లో అమృతంలా వినిపించేది, భజనలోనూ స్పీకరు వెనక కూర్చునేవాడు కనుక ఏమీ గుచ్చేది కాదు. అందుకని తప్పు వస్తువులదే అనుకున్నాడు. పెట్టె పాతదైపోయిందని కొత్తది తెచ్చాడు. అదీ గుచ్చింది. ఇంకా పెద్దది తెచ్చాడు. గిటారులో తీగల కింద ఉండే పికప్పులు మార్పించాడు. వైర్లు మార్చాడు. కరెంటు మంచిది కాదని ప్రత్యేకంగా ఒక అడాప్టర్ చేయించాడు. ఖలీల్ భాయ్ దుకాణానికి తిరిగీ తిరిగీ స్కూటరు టైర్లరిగాయి. ఇంట్లో ఒక గూడంతా ఈ సామానే. పప్పు డబ్బాలకు చోటు లేక నేను నెత్తీనోరూ బాదుకున్నాను.

మొన్న శ్రావణం ముందు శనివారం భజన అయ్యాక బావగారు మా ఆయన్ని ఆపారు. నేను తాళాలు సంచిలో వేసుకుంటూ అక్కడే ఉన్నాను.

"పురుషోత్తం, నీ మీద నాకు కోపం లేదు. నీ చేతుల విద్య ఉన్నది. గని చెవులు మావి గదా. వచ్చే వారం శ్రావణ శనివారం, వేరే మండలీలోళ్ళు గూడ వస్తరు. ఆ దినం గూడ గిట్లనే ఉంటే, గిటార్ ఇంట్ల పెట్టి మళ్ళ తాళాలు పట్టుకో."

మా ఆయన సరే అన్నాడు. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినలేదు. "తాళాలైతే ఏంది, భజన భజనే గదా," అన్నాను ఊరడిద్దామని.

"ముప్పై ఏండ్లు గల్లాపెట్టె మీద కూసున్న సుశీలా," అన్నాడు. "వారంల గా ఒక్క పూటనే నాది."

అంతవరకూ ఆ గూటి మీద పడి ఏడ్చిన నేను ఆ పూట నోరు మూసుకున్నాను.

గురువారం దుకాణానికి సెలవు చెప్పి పొద్దున్నుంచీ దాని మీదే పడ్డాడు. ఆయన సాధన ఎలా ఉంటుందంటే, స్పీకరు నేల మీద పీట వేసి పెడతాడు, గిటారు మెడలో తగిలించుకుంటాడు, బీరువా అద్దం ముందు నిలబడతాడు. అద్దంలో చూసుకుంటూ వాయిస్తాడు. కాలేజీ అలవాటు. కూర్చుంటే అద్దంలో తల తప్ప ఏమీ కనపడదు మరి. ఒక మీట తిప్పుతాడు, ఒకసారి మోగిస్తాడు, అద్దంలో తనకు తనే తలూపుకుంటాడు.

నేను అదే గదిలో కింద కూర్చుని అట్ట ముక్కలకు లేసు చుడుతున్నాను. పెళ్ళి ఆర్డరు, ఆ సాయంత్రానికి పంపాలి. ప్రతి మోతకూ నా చెవిలో తూట్లు పడుతున్నాయి.

"జర తగ్గించండి, చెవులు పోతున్నయి," అన్నాను.

"ఇంకింత తగ్గిస్తే దుప్పట్ల మూటగట్టినట్టయితది. నువ్వు సంగీతం గురించి మాట్లాడకు."

"నాకు సంగీతం రాదు. చెవులైతే ఉన్నయి."

ఆయన వినలేదు. ఇంకో మీట పైకి తిప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పెట్టె ప్లగ్గు పీకేద్దామని లేసు కిందపడేసి లేచాను. లేచి నిలబడగానే శబ్దం మెత్తబడింది. ఆయనే తగ్గించాడేమో అనుకుని మళ్ళీ కూర్చున్నాను. గుచ్చింది. లేచాను. మెత్తగా ఉంది. కూర్చున్నాను. చెవి జివ్వుమంది. మళ్ళీ లేచాను.

ఆయన అద్దంలోంచి నన్ను చూసి వాయించడం ఆపేశాడు. "ఏమైందే నీకు? వినాయకుని ముందట తీసినట్టు గుంజీలు తీస్తున్నవ్."

"మీరు ఇట్ల కూసోండి ఒక్కసారి."

"మోకాళ్ళ నొప్పి నాకు. కూసుంటే మళ్ళ లేవస్తదా?"

"శనివారం శనివారం కూసుంటలేరా? నేను లేపుత గని, కూసోండి."

గొణుక్కుంటూ, బీరువా పట్టుకుని మెల్లగా కిందికి దిగి నా పక్కన బాసిపట్టు వేసుకున్నాడు. స్పీకరు ఇప్పుడు ఆయన ముఖానికి సూటిగా ఉంది. తీగ మీటాడు. మీటిన చెయ్యి అలాగే ఆగిపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఇంకోసారి మీటి తల పక్కకు తిప్పుకున్నాడు.

"సుశీలా, ఇన్ని దినాలు మీరందరు విన్నది గిదా?"

"గిదే."

"మరి చెప్పద్దా?"

"దినాం చెప్తనే ఉన్న గదా."

"నువ్వు అన్నిటికీ అట్లనే అంటవని ఊకున్న," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయనకు నవ్వు రాలేదు. "బాలమ్మత్త ముందట కూసుంటది. పాపం ఆమె చెవులు," అని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు నవ్వినందుకు నాకే బాధేసింది.

ఆయన చెబితే నాకర్థమైంది. స్పీకర్లోంచి పదును శబ్దం సూటిగా ముందుకు పోతుందట, పైకి ఎక్కదట. నిలబడి వినేవాడికి అది మొద్దుగా తోచి, ఇంకా ఇంకా పదును పెంచుకుంటూ పోతాడు. కచేరీల్లో అందరూ నిలబడో కుర్చీల మీదో ఉంటారు, చెల్లిపోతుంది. మా భజనలో అందరి చెవులూ స్పీకరు ఎత్తులోనే. నిలబడి సవరించిన శబ్దాన్ని తీసుకుపోయి ఇన్నాళ్ళూ కూర్చున్నవాళ్ళ చెవుల్లో పోశాడు. ఖలీల్ భాయ్‌కి ఫోన్ చేసి చెబితే అటువైపు నుంచి పెద్ద నవ్వు వినిపించింది. "అరే సేట్, మై భీ స్టూల్ పో బైఠ్‌కోచ్ సునా నా," అన్నాడు. ఆయన కూడా ఎత్తు స్టూలు మీద కూర్చునే విన్నాడన్నమాట. సామాను మార్చినవాడూ, మార్పించినవాడూ ఒక్కసారి నేల మీద కూర్చుంటే సరిపోయేది.

ఆ గురువారం, శుక్రవారం మా ఆయన నేల విడిచి లేవలేదు. ఒక్కొక్క శబ్దాన్నీ మొదట్నుంచి సవరించాడు. పదును సగానికి తగ్గించాడు, అడుగు మోతను కొంచెం కోశాడు, మధ్య గొంతు పెంచాడు. బావగారి హార్మోనియానికి అడ్డం రాకూడదట. మంటపం మోత కూడా తగ్గించాడు. నన్ను ముందు కూర్చోబెట్టి, పక్కన కూర్చోబెట్టి, గుమ్మంలో కూర్చోబెట్టి అడిగాడు. లేసు చుట్టే పని చంకనాకిపోయింది. ఆర్డరువాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. నేనే పోయి ఏదో సర్ది చెప్పి వచ్చాను.

శనివారం పొద్దున బావగారి ఇంటి హాలు నిండిపోయింది. వేరే మండలీల వాళ్ళు గుమ్మం దాకా కూర్చున్నారు. మా ఆయన పెట్టె సర్దుకుని, మోకాలి పక్క బటన్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వరసలో తాళాలు పట్టుకుని కూర్చున్నానే గాని, చూపంతా బాలమ్మ గారి కొంగు మీదే ఉంది.

మొదటి పాట మొదలైంది. గిటారు తంబూరాలా మెల్లగా కలిసింది. బాలమ్మ గారి చెయ్యి కొంగు దగ్గరికి పోయింది. ఆమె ముక్కు తుడుచుకుని చెయ్యి దించేసింది. రెండో పాట అయింది, మూడో పాట అయింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. ఎవరూ మా ఆయన వైపు తిరిగి చూడను కూడా లేదు. అందరూ కళ్ళు మూసుకుని పాడుకుంటున్నారు. ఆయన ముఖం చూస్తే నాకు దిగులేసింది. బాగుందో బాగాలేదో ఒక్కరు చెబితే కదా తెలిసేది. బావగారు సరేసరి, ఆయన ముఖంలో ఎన్నడూ ఏమీ కనపడదు.

తర్వాతి పాట బావగారిదే. ఆయన గొంతు సవరించుకున్నారు. అలవాటుగా హార్మోనియం తిత్తి మీద చెయ్యి వేశారు. మెట్టు నొక్కలేదు. ఒక్క క్షణం ఆగి, తిత్తి మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. మా ఆయన వైపు తిరిగారు.

"పురుషోత్తం, శ్రుతి నువ్వియ్యి," అన్నారు.

మా ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగి ఆయన సరిగా కనపడలేదు. ఆయన తీగ మీటాడు. బావగారు కళ్ళు మూసుకుని, అది చెవిలో నిలిచేదాకా విని, పాట ఎత్తుకున్నారు.