సైమా మెత్తటి తూటాలు

సైమా కొర్పెలా చేసిన తూటా భుజాన్ని నొప్పించదని ఆ అడవి దారి పొడుగునా పేరు. మిషిగన్ ఉత్తరపు కొసన, పెద్ద సరస్సుకీ అడవికీ మధ్య ఉన్న ఆ ఊళ్ళో ప్రతి ఇంటి గోడకీ ఒక పాత యుద్ధపు తుపాకి వేలాడుతుంది. సైనికుల కోసం చేసినవి అవి. మడమకి ఇనప రేకు, పేలిస్తే గాడిద తన్నినట్టు తన్ను. వయసులో ఉండగా ఆ తన్నులు తిన్నవాళ్ళు ముసలితనంలో తినలేరు కదా! అందుకని వాళ్ళంతా సైమా తలుపు తట్టేవారు.

ఈ విద్య ఆమెకి భర్త తౌనో వల్ల అబ్బింది. పెళ్ళయిన ఏడే వేటకి తీసుకెళ్ళి తన రష్యా తుపాకి చేతికిచ్చాడు, మహానుభావుడు. ఒక్క దెబ్బకి పిల్ల భుజం వంకాయ రంగుకి తిరిగింది. "ఈ ముదనష్టపు దాన్ని మళ్ళీ ముట్టుకుంటే ఒట్టు!" అని ఏడ్చింది. తౌనో సిగ్గుపడి, పేల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, ఇంటి కింద గదిలో కూర్చుని, తొందరగా మండే తుపాకిమందు కొంచెమే పోసి, తేలికపాటి సీసపు గుండు బిగించి ఇచ్చాడు. ఈసారి తుపాకి తుమ్మి ఊరుకుంది. ఆ చలికాలమే సైమా పని నేర్చుకుంది. రెండో ఏటికి మొగుణ్ణి మించింది. అతను పోయాక కూడా మానలేదు. ఎవరి దగ్గరా ఏమీ అడిగేది కాదు. కట్టెలో, పొగబెట్టిన చేపలో పెరటి గుమ్మంలో పెట్టి పోయేవారు.

అయితే మెత్తటి తూటాలో ఒక మోసం ఉంది. మామూలు తూటాలో మందు గొట్టం నిండా ఉంటుంది. పొరపాటున రెండోసారి పోస్తే పొర్లి, మన మతిమరుపుని మనకే చూపిస్తుంది. మెత్తటి దాంట్లో మందు అడుగునే పడి ఉంటుంది. రెండోసారి పోసినా గుట్టుగా మింగేస్తుంది. అలాంటిది పేలిందా, తుపాకి బద్దలై పేల్చినవాడి మొహంలోకి వస్తుంది. అందుకే గుండు బిగించేముందు ప్రతి గొట్టంలోకీ టార్చిలైటు వేసి చూడాలి. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ సైమా చెప్పే మొదటి మాట అదే, చివరి మాటా అదే. "చూడకుండా బిగించావో, మళ్ళీ నా గడప తొక్కకు!"

ఆ యేడు దుప్పుల వేట మొదలవడానికి ముందు వారం మరిది వాల్‌ఫ్రిడ్ వచ్చాడు. తౌనోకి తమ్ముడు, డెబ్బై దాటినవాడు. భుజానికి ఆపరేషను అయింది. తుపాకి తన్నితే కుట్టు మళ్ళీ విడిపోతుందని డాక్టరు చెప్పాడు. వేట లేని నవంబరు మాత్రం ఆయన ఊహకి అందదు.

"ఏం వదినా, నా తూటాలు తయారేనా?"

"తూటాలు కావయ్యా, ఉగ్గు. పొద్దున్నే కలిపి పెట్టాను, తాగి పడుకో."

"నవ్వు, నవ్వు. నీ భుజం వంకాయ అయిన రోజు మా అన్న పడ్డ కంగారు నేను చూడలేదనుకున్నావా?"

"సరే గానీ, పేల్చే ముందు తుపాకి మూతి ఆకాశానికెత్తి దించడం మరిచిపోకు. మందు వెనక్కి చేరాలి."

"మరిచిపోతానా! నేను దేవుణ్ణి తలుచుకుంటున్నాననుకుని పాస్టరుగారు మెచ్చుకున్నాడు కూడా."

పెట్టె చంకన పెట్టుకుని, గురి సరిచూసుకోవడానికి రోడ్డు చివరి కంకర గోతికి వెళ్ళాడు. తిరిగొచ్చాక పెడదామని సైమా యాలకుల రొట్టె కోసింది. వెన్న కోసం ఫ్రిజ్ తలుపు తీసింది.

వెన్న గిన్నె పక్కన టార్చిలైటు ఉంది.

చేతిలోకి తీసుకుంది. మంచుముక్కలా చల్లగా ఉంది. ఎవరు పెట్టారు? ఇంట్లో తను తప్ప పిల్లి కూడా లేదు. పొద్దున మందు పోస్తుంటే ఫోను మోగింది. చేతిలో టార్చితోనే పైకి వచ్చింది. కాఫీలో పాలు పోసుకుంది. మళ్ళీ కిందికి వెళ్ళి గుండ్లు బిగించింది. అయితే దేనితో చూసింది? చూసినట్టు జ్ఞాపకం ఉంది. కానీ అది నిన్నటిదా, నిరుటిదా? తలలో వెతికిన కొద్దీ వేల గొట్టాలు కనపడ్డాయి, ఈ పొద్దుటివి కనపడలేదు.

కంకర గోతి వైపు నుంచి తుపాకి తుమ్మింది. కాసేపటికి ఇంకోసారి.

ఇంట్లో చెప్పులతోనే ట్రక్కు ఎక్కింది. ఆమె చేరేసరికి వాల్‌ఫ్రిడ్ తుపాకి మూతి ఆకాశానికెత్తి ఉన్నాడు.

"దించకు! వాల్‌ఫ్రిడ్, పేల్చకు!"

"ఏమైంది వదినా, ఇల్లు తగలబడిందా?"

"కింద పెట్టు దాన్ని. నేను చూడలేదయ్యా. లోపలికి చూడకుండా బిగించేశాను."

కింద గదిలో ఇద్దరూ కూర్చుని మిగిలిన తూటాలు ఒక్కొక్కటీ విప్పారు. సుత్తిలాంటి పనిముట్టులో తూటా పెట్టి చెక్క మొద్దు మీద కొడితే గుండు ఊడుతుంది. మందు సాసరులో పోసి చూడాలి. ఒకటి సరిగ్గానే ఉంది. ఇంకొకటీ సరిగ్గానే ఉంది. ఆఖరికి ఆయన తుపాకిలోంచి తీసినదాన్ని కొట్టారు. సాసరులో కుప్ప రెట్టింపు పడింది.

వాల్‌ఫ్రిడ్ చెయ్యి తనకి తెలియకుండానే మొహం మీదికి పోయింది. అయినా, "దొరికింది కదా, ఇంక పోనీ. ఎంతటివాళ్ళకైనా ఒక్కసారి జరుగుతుంది" అన్నాడు.

సైమా లేచింది. కిందటి వారం చేసి అరలో పెట్టిన పెట్టె దించి అదీ విప్పడం మొదలుపెట్టింది. దాంట్లో ఇంకో రెట్టింపు దొరికింది. దాని వెంటే మందే లేని ఖాళీది.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు" అంది. "ఒకటైతే పొరపాటనుకుందును. ఇది పొరపాటు కాదు వాల్‌ఫ్రిడ్. ఇది నేను."

"నువ్వు మందు పొయ్యి, నేను పక్కన కూర్చుని టార్చి వేస్తాను."

"నీ కళ్ళలో ఆ శుక్లాలతోనా? గుడ్డికి కుంటి తోడన్నట్టు!" అని నవ్వబోయి ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. ఈ ఏడు తనకి వేట లేదని అప్పుడు అర్థమైంది ఆయనకి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగారు. కర్రల మిల్లు అన్నదమ్ముల దగ్గరా, చర్చి వెనక ముసలాయన దగ్గరా పెట్టెలు వెనక్కి తెచ్చారు. ట్రక్కులో వాల్‌ఫ్రిడ్ అడిగాడు, "ఇంకెవరికైనా ఇచ్చావా, వదినా?"

సైమా కిటికీలోంచి దాటిపోయే ఇళ్ళు ఒక్కొక్కటీ చూసింది.

"ఎవరో వచ్చారు. గుమ్మంలో నిలబడ్డారు. నారింజ రంగు టోపీ పెట్టుకున్నారు."

వేట రోజుల్లో, దుప్పి అనుకుని ఎవరూ కాల్చకుండా, ఆ ఊళ్ళో నారింజ రంగు టోపీ పెట్టుకోనివాడు ఎవడు! ఆ పెట్టె వెనక్కి తెమ్మని చర్చిలో చెప్పించారు, కొట్లో కాగితం అంటించారు, రేడియోలో చదివించారు. ఎవ్వరూ రాలేదు. పైగా కొట్టు దగ్గర ఒకడు, "సైమా తూటా చేతికొస్తే ఎవడు వెనక్కిస్తాడండీ? పెళ్ళానికి కూడా చెప్పకుండా దాచుకుంటాడు" అని నవ్వాడు. నలభై ఏళ్ళ మంచిపేరు చివరికి ఇందుకు పనికొచ్చింది.

వేట మొదటి రోజు తెల్లవారింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ ఉదయం వాల్‌ఫ్రిడ్ అడవిలో లేడు. వదిన వంటింట్లో కూర్చున్నాడు. తూటాల పనిముట్లన్నీ ముందురోజే బల్ల మీంచి ఊడదీసి తీసుకుపోయాడు. కాఫీ చల్లారిపోతోంది. అడవిలో తుపాకులు మోగుతున్నాయి. ఊరంతటికీ అది పండగ చప్పుడు. మోగిన ప్రతిసారీ సైమా వేళ్ళు బల్ల అంచుని పట్టుకుంటున్నాయి.

"అది కొట్లో కొన్నది. ఎంత చప్పుడో చూడు, నీది కాదు" అన్నాడు వాల్‌ఫ్రిడ్. ఇంకోటి మోగింది. "అదీ కొన్నదే."

అప్పుడు వాగు అవతల ఎక్కడో, చిన్నగా, తుపాకి తుమ్మింది.

వాల్‌ఫ్రిడ్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నాదే" అంది సైమా.

"బాగానే పేలింది కదా, వదినా."

"పెట్టెలో ఇంకా ఉంటాయి."

ఆయన తాళంచెవులు తీసుకుని వాకిట్లోకి పరుగెత్తాడు. ట్రక్కు తలుపు తీసి ఆగిపోయాడు. వాగు అవతల అడవి మైళ్ళ తరబడి ఉంది. సైమా చెప్పుల్లేకుండా మంచులోకి వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఎటు వెళ్ళాలో తెలియాలంటే అది ఇంకోసారి పేలాలి.