నల్లబడేదాకా ఇంకోటి కొనను

మొన్న మా బాల్కనీకి పావురాల వల కట్టించాం. ఇంత ఎత్తున ఉన్నాం కదా, ఇక్కడిదాకా ఎందుకొస్తాయిలే అని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను గానీ, అవి ఏసీ పెట్టె వెనక గూళ్ళు పెట్టి, ఆరేసిన బట్టలన్నీ పాడుచేసి మావారి ఓపికను పరీక్షించేసరికి ఇక తప్పలేదు. వల కట్టడానికి వచ్చిన నడివయసు మనిషి నైలాను తాడు కోస్తూ బ్లేడు కిందికి జారవిడుచుకుని, "అమ్మా, జర చాకు ఉంటె ఇస్తరా?" అని అడిగాడు. బీరువాలోంచి ఒక మడతకత్తి తెచ్చి, గోటితో దాని అలుగు, అంటే కోసే రేకు, తెరిచి, పిడి ఆయనవైపు తిప్పి అందించాను. తాడు కోసి, కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "గింత నల్లగున్నదని తుప్పనుకున్న. మస్తు తెగుతున్నదమ్మా" అన్నాడు.

ఆయన వెళ్ళాక కుర్చీ వేసుకుని బాల్కనీలో కూర్చున్నాను. వల అవతల ఆకాశం, ఇవతల నేను. చాలా ఏళ్ళ క్రితం, నానక్‌రామ్‌గూడలో కిరాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఇంచుమించు ఇలాగే కూర్చునేదాన్ని. అప్పట్లో వల లేదు. ఫోను ఉండేది.

మాది కృష్ణాజిల్లా. మావారు మియాపూర్ దగ్గర ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవారు. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, ఎక్కడో సముద్రాలవతల ఉన్న బ్యాంకు కంప్యూటర్లు ఆగిపోకుండా కనిపెట్టుకుని ఉండే పనిలో చేరాను. ఆ పనికి వేళంటూ లేదు. కంపెనీవారు ఇచ్చిన ఫోను ఎప్పుడు మోగినా ఎత్తాలి, మోగిన వెంటనే ఆఫీసుకు చేరుకోవాలి. ఇంటినుంచే పనిచేయడమన్నది అప్పటికింకా మా వంటివాళ్ళకు రాలేదు. అందుకే ఆఫీసుకు దగ్గరని నానక్‌రామ్‌గూడలో ఇల్లు తీసుకున్నాం. మీలో ఆ రోజుల్లో ఇలాంటి ఉద్యోగం చేసినవాళ్ళు ఉంటే చెప్పనక్కర్లేదు; సినిమాకి వెళ్ళినా తలుపు పక్క సీటే, స్నానానికి వెళ్ళినా గట్టుమీద ఫోనే. మా పిన్ని కూతురి పెళ్ళికని సెలవుపెట్టి బెజవాడ వెళితే, తలంబ్రాలైనా కాకముందే ఆ ఫోను మోగింది. పందిట్లోంచి పట్టుచీరతోనే బస్సెక్కాను. అమ్మ బస్టాండుదాకా వచ్చి, అరిటాకులో కట్టిన పులిహోర చేతిలో పెట్టి వెనుదిరిగింది.

ఆఫీసులో అద్దాలు నేలనుంచి కప్పుదాకా ఉండేవి, ఒక్కటీ తెరుచుకునేది కాదు. బయట రాళ్ళగుట్టలూ, వాటిమధ్య సీతాఫలం చెట్లూ, మేకలూ కనబడుతూనే ఉండేవి. గాలి మాత్రం లోపలికి వచ్చేది కాదు.

కత్తుల పిచ్చి అప్పుడు పట్టుకుంది. ఒక ఆదివారం మావారు బలవంతాన చార్మినార్ వైపు తీసుకెళ్ళారు. తాళాలూ కత్తెరలూ అమ్మే ఇరుకు దుకాణంలో, గాజు పలక కింద, రోజ్‌వుడ్ పిడికి రెండు కొసలా ఇత్తడి తొడిగిన మడతకత్తి ఒకటి కనబడింది. తెరిస్తే బిగువుగా వచ్చి టక్కుమని నిలిచింది, మూస్తే మళ్ళీ టక్కుమంది. చిన్నప్పుడు కాలవగట్టు మీద కూర్చుని మా నాన్న ఇలాంటి కత్తితోనే చెరుకు చెక్కి నా చేతికిచ్చేవారు. ఆ చప్పుడు వినగానే తడి మట్టి వాసన వచ్చినట్టయింది. కొన్నాను. ఇంటికొచ్చేలోపు ఆటోలో ఎన్నిసార్లు తెరిచి మూశానో, డ్రైవరు అద్దంలోంచి భయంగా చూడటం మొదలుపెట్టాడు.

ఒకటితో ఆగితే కథే లేదు. పాతకాలపు మడతకత్తులు సేకరించేవాళ్ళ బృందం ఒకటి ఇంటర్నెట్లో దొరికింది. ఒకరిది దుప్పికొమ్ము పిడి, ఒకరిది ఎముక పిడి, ఇంకొకరి తాతగారు వాడిన రెండలుగుల కత్తి. ఆఫీసులో ఏ రాతిరి వేళో పని తెమిలి, ఇంటికి పోవడానికి అనుమతి రాని గంటల్లో వాళ్ళు అక్కడ పెట్టే బొమ్మలు చూస్తూ కూర్చునేదాన్ని. చూడటం అడగడమైంది, అడగడం తెప్పించుకోవడమైంది. ఎక్కడికీ వెళ్ళలేని మనిషిని కదా, ఎక్కడెక్కడినుంచో అవే నా దగ్గరికి వస్తున్నాయని సంబరపడ్డాను. ఆఫీసులోకి కత్తి రానివ్వరు కనుక డబ్బాలన్నీ ఇంటికే వచ్చేవి. వాటిని అందుకునేది మా ఇంటి యజమానురాలు. నేనావిణ్ణి పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నేను గేటు తీసేసరికి ఆవిడ అరుగుమీంచే కేకేసేది: "బిడ్డా, నీకు మల్ల డబ్బ వచ్చింది!"

డబ్బా విప్పడం, కత్తి తెరవడం, మూయడం, నూనె కాగితంలో చుట్టి బీరువాలో పెట్టడం. అలుగుమీద వేలిముద్ర పడితే గుడ్డతో తుడిచేదాన్ని. దేనితోనూ ఏనాడూ ఏమీ కోయలేదు. సంతోషం మర్నాటికి ఉండేది కాదు, ఎల్లుండికి ఇంకొకటి కావాలనిపించేది.

ఒక వేసవి మధ్యాహ్నం కొత్తగా వచ్చిన కొమ్ముపిడి కత్తిని మావారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఇది మన దగ్గర ఉంది కదూ?" అన్నారు. లేదన్నాను. "ఉన్నట్టుందే, చూడరాదూ?" అన్నారు మెల్లగా. బీరువాలోంచి కట్టలన్నీ తీసి మంచంమీద పరిచాను. అడుగున, అదే కత్తి, అదే కాగితంలో, చుట్టినది చుట్టినట్టే ఉంది. ఎప్పుడు కొన్నానో గుర్తులేదు. నాకు సిగ్గుకంటే ముందు భయం వేసింది. నా దగ్గర ఏముందో నాకే తెలియడం లేదు, అయినా చెయ్యి ఆగడం లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. అన్నీ ఎక్కడివక్కడే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను.

మర్నాడు పొద్దున వచ్చేసరికి పెద్దమ్మ మా గుమ్మంలో కూర్చుని మామిడికాయ కోసి, ఉప్పూకారం అద్దుకుని తింటోంది. చేతిలో ఉన్నది నా కొత్త కత్తి. కాలేజీకి వెళుతూ మావారు తాళంచెవి ఇచ్చి వెళితే, మంచంమీద కుప్ప చూసి ఒకటి తీసుకుందట. ఆ పులుపుకు తెల్లటి ఉక్కు అప్పటికే మసిబారినట్టు నల్లబడింది. లాక్కున్నంత పనిచేసి, కొంగుతో తుడిచాను, నీళ్ళతో కడిగాను. మరక పోలేదు.

"అయ్యో, ఎంత పని చేశారు పెద్దమ్మా! ఇలా నల్లగా అయిపోయిందేమిటండీ?"

"మామిడికాయ కోస్తె నల్లగ గాక ఎర్రగైతదా?" అని ఆవిడ నావంక వింతగా చూసింది. "గివన్ని ఏం జేస్తవ్ బిడ్డా? కోయవు, చెక్కవు. గట్లనే సూస్కుంట కూసుంటవా?"

నాకు కోపం వచ్చింది. తలుపు వేసుకుని చాలాసేపు ఆ మరకనే చూస్తూ కూర్చున్నాను. అలుగు మొదట్లో లేత నీలం, మధ్యలో బూడిదరంగు, కొసకు వచ్చేసరికి నలుపు. నాకు తెలియకుండానే మిగతా కట్టలన్నీ విప్పి పక్కన పెట్టాను. అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. కళ్ళు మూసి కలిపేస్తే ఏది ఎక్కడిదో చెప్పలేను, ఈ ఒక్కదాన్ని మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టగలను. సాయంత్రం వంటింట్లో దానితోనే ఉల్లిపాయ కోశాను. ఈ అలుగు నిలువునా నల్లబడేదాకా ఇంకోటి కొనను అని మావారితో అన్నాను. ఆయన "సరే" అన్నారు, నమ్మినట్టు మాత్రం లేరు.

ఏడాదికొక్కటే కొనాలి, కొన్నదాన్ని రోజూ వాడాలి అని మా బృందంలో పెద్దవాళ్ళు చెబుతూనే ఉండేవారు. చదివి తల ఊపి, ఆ పూటే ఇంకోటి తెప్పించుకునేదాన్ని. ఇప్పుడు నిజంగా ఆపేసరికి, మొదటి వారాల్లో ఊపిరాడలేదు. రావలసిన డబ్బా లేదు, చూడవలసిన దారి లేదు. మిగిలింది నేనూ, అద్దాలూ, ఫోనూ. అన్నాళ్ళూ కత్తులు కప్పిపెట్టినదేదో బయటపడ్డట్టయింది. ధైర్యం చేసి మేనేజరు దగ్గరికి వెళ్ళి, ఈ ఫోను డ్యూటీనుంచి తప్పించమని అడిగాను. "ప్రాజెక్ట్ చాలా క్రిటికల్ మేడమ్, మీకు రీప్లేస్‌మెంట్ ఎవరున్నారు చెప్పండి?" అన్నాడాయన మర్యాదగానే. అడగ్గా అడగ్గా, నెలకొక్క ఆదివారం ఫోను ఇంకొకరికి ఇవ్వడానికి ఒప్పుకున్నాడు.

ఆ మొదటి ఆదివారం ఏం చేయాలో తోచలేదు. లేని ఫోను కోసం మాటిమాటికీ దిండు పక్కన వెతుక్కున్నాను. పెద్దమ్మే, "నడువ్ బిడ్డా, మా చెల్క సూపిస్త" అంది. జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకుని బయల్దేరాం. ఆవిడ చేను ఉండిన చోట రేకుల కంచె, లోపల క్రేన్లు. గేటు దగ్గర కాపలావాడు లోపలికి పోవద్దన్నాడు. "గా బాయిల నీళ్ళే తాగి పెరిగిన, నన్నే ఆపుతవా?" అని ఆవిడ గట్టిగానే అడిగింది. అతను తల దించుకున్నాడు గానీ గేటు తీయలేదు. కొడుకు ఆ భూమి అమ్మేటప్పుడు ఆవిడ వేలిముద్ర వేసిందిగానీ, ఇక అక్కడ కాలుపెట్టే వీలుండదని ఆమెకు ఎవరూ చెప్పలేదట. ఇన్నాళ్ళూ ఆ ఊళ్ళో కట్టేసినట్టున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను.

కంచె బయట ఒక రాతిమీద కూర్చున్నాం. ఆవిడ బొడ్లోంచి తన చాకు తీసింది. ఆవిడ దగ్గర కత్తి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కొమ్ముపిడి, ఆవిడ బొటనవేలు ఆనేచోట గుంటపడి ఉంది. సాన పట్టీ పట్టీ అలుగు సగానికి సగం అరిగి, వేపాకులా సన్నబడింది. ఎక్కడా తెల్లదనమన్నది లేదు. అంత అందమైన కత్తిని నేను ఏ బొమ్మలోనూ చూడలేదు. దానితో ఉల్లిపాయ కోసి నాకొక ముక్క ఇచ్చి, నా చూపు కనిపెట్టి నవ్వింది.

"గావాల్నా? తీస్కో. నీకు పానం గదా గివంటె."

చెయ్యి చాపాను కూడా. పిడి ఆవిడ ఒంటివేడికి వెచ్చగా ఉంది. నా బొటనవేలు ఆ గుంటలో కుదరలేదు. తిరిగి ఆవిడ అరచేతిలోనే పెట్టాను.

"మీరే వాడుకోండి పెద్దమ్మా. నాదింకా నల్లబడలేదు."

ఆవిడ మళ్ళీ అడగలేదు. రొట్టె తిని, వేపపుల్లలు కోసుకుని ఇంటికొచ్చాం. ఆ తర్వాత నెలకొక ఆదివారం అదే రాతి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. నా కత్తి నిలువునా నల్లబడటానికి రెండు మామిడి కాపులు పట్టింది. అప్పటికి ఇంకొకటి కొనాలన్న ఆత్రం చాలావరకు చల్లారింది. కొన్నాను, కొననని కాదు. ఒకటి చేతికి అలవాటయ్యాకనే ఇంకొకటి. కాగితాల్లో చుట్టినవన్నీ బృందంలో వాడుకుంటామన్నవాళ్ళకు పంచేశాను. ఉద్యోగం మాత్రం వదల్లేదు. వదిలే ధైర్యం రాలేదు, ఆ ఫోను ఇంకా చాలా ఏళ్ళు నా దిండు పక్కనే నిద్రపోయింది.

ఆ ఇల్లు కూలగొట్టి టవరు కట్టారు. మేం మరోచోటికి మారాం, పెద్దమ్మ మణికొండలో కొడుకు ఫ్లాటుకు వెళ్ళి అక్కడే పోయింది. పరామర్శకు వెళితే కోడలు టీ పెట్టడానికి పాల ప్యాకెట్టు కోస్తోంది, ఆ చాకుతోనే. నేను చూస్తుంటే, "అత్తమ్మది అక్కా. కొత్తయి ఎన్ని తెచ్చినా గిదే మంచిగ తెగుతది" అంది. ఒకసారి చేత్తో పట్టుకుని చూసి, కడిగి, గిన్నెల పక్కన పెట్టేశాను. అడిగితే ఇచ్చేదే.

మన తరానికి ఎదురుచూడటం చేతనైన పని. గ్యాసు బండకోసం చూశాం, ఉత్తరంకోసం చూశాం, మామిడికాయ కోసం వేసవిదాకా ఆగాం. ఇప్పుడు వేలు ఆనించిన పది నిమిషాలకు వస్తువు గుమ్మంలో ఉంటుంది, మామిడి ఏ కాలంలోనైనా దొరుకుతుంది. కొన్ని నెలలుగా ఫోనులో ఒక పాత కత్తి చూస్తున్నాను. ఇంకా కొనలేదు. త్వరపడండి, అయిపోతోంది అని అమ్మేవాళ్ళు రోజూ గుర్తుచేస్తూనే ఉన్నారు. నాకు తొందరేం లేదు. ఆ తొందర లేని మనిషి కాసేపు కూర్చోవడానికే, నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల ఒక్క రాయి కూడా మిగల్లేదు.