కౌంటర్ దగ్గరికి ముందుగా వెళ్ళే అక్కగారు

మంగళవారం పొద్దున, ఆదివారం చెప్పబోయే ప్రసంగం కోసం లేఖనాలు తిరగేస్తూ కూర్చున్నాను. అక్కగారి అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడ కెనడాలోనే పుట్టిన పిల్ల, తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తుంది. "అంకుల్, అమ్మ పోయింది. షీ వాజ్ స్లీపింగ్. షీ జస్ట్ డిడ్న్ట్ వేకప్," అంది. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే, అక్కగారు వ్యాన్ తాళాలు ఊపుతూ ఎదురుగా నిలబడ్డారు. "పాస్టర్ గారూ, బయల్దేరదామా, ఇంకో అధ్యాయం ఉందా?" ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. ఈ నాలుగు మాటలూ ఆ నవ్వుతోనే రాస్తున్నాను, తప్పుపట్టకండి.

నేను పాస్టర్‌ని కాను. ఏ వేదాంత కళాశాల మెట్లూ ఎక్కినవాణ్ణి కాను. ఒట్టావా శివారు కనాటాలో ఒక టెలికాం కంపెనీ గోడౌన్‌లో పనిచేస్తూ, లంచ్ టైములో నాకు నేనే చదువుకుని, ఆదివారం అద్దె హాల్లో గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. ఈ సంగతి అక్కగారికి ఎన్నిసార్లు చెప్పినా "సరే పాస్టర్ గారూ" అనేవారు. ఆమెవి వేరే పూజలు, నుదుట రూపాయి బిళ్ళంత కుంకుమ. నా ప్రసంగానికి ఒకే ఒక్కసారి వచ్చారు. అయ్యాక, "బాగా చెప్పారు. దేవుడికి చెవుడేం లేదు కదా, కాస్త మెల్లగా చెప్పినా వింటాడు," అన్నారు.

మాది ఒకే వీధి. భర్త పోయాక ఆమె ఒక పాత వ్యాన్ తీసుకుని టూర్లు మొదలుపెట్టారు. ఒట్టావా, మాంట్రియల్, టొరంటో. ఎవరైనా సరదాపడితే విమానంలో వాంకూవర్ దాకా. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, లాంగ్ వీకెండ్ దొరికిన స్టూడెంట్లు ఆమె ప్రయాణికులు. దూరం వెళ్ళేటప్పుడు రెండో డ్రైవర్‌గా నన్ను పిలిచేవారు. ఆమె వాట్సాప్ ప్రకటన కింద ఎప్పుడూ ఒక మాట ఉండేది: "జంట ఎవరైనా సరే. ఇద్దరు మగవాళ్ళయినా, ఇద్దరు ఆడవాళ్ళయినా నాకు అందరూ పులిహోర తినేవాళ్ళే."

ఈ దేశంలో చట్టం వాళ్ళ పక్కనే ఉంది కదా, మళ్ళీ ఇదెందుకని అడిగాను.

"చట్టం ఉంది. కానీ మన వ్యాన్‌లో పక్క సీట్లో కూర్చునేది చట్టం కాదు, ఎవరో ఒక ఆంటీ," అన్నారు.

ఆమె పద్ధతి ఆమెది. బీన్స్ తరుగుతూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ప్రతి హోటల్‌కీ తానే ఫోన్ చేసేవారు. ఇద్దరు మగవాళ్ళు, ఒకే గది, ఒకే పెద్ద మంచం అని ఇంగ్లీషులో విడమరిచి చెప్పేవారు. "పొరపాటు పడ్డారనుకుని రెండు మంచాలేసి నాకు మేలు చేయకండి," అని ముక్తాయించేవారు. ఊరు చేరాక ప్రయాణికులను వెచ్చగా వ్యాన్‌లో ఉంచి, రిసెప్షన్ కౌంటర్ దగ్గరికి ముందు తాను వెళ్ళేవారు. "ఒక్కోచోట ఒక చూపు చూస్తారు పాస్టర్ గారూ, ఒక్క క్షణమే. ఆ చూపేదో నా మీద పడనివ్వండి. నాది మొద్దు మొహం."

టొరంటోలో చర్చ్ స్ట్రీట్‌కి వెళ్తున్నామంటే పేరు విని నేను ఉత్సాహపడి లేఖనాల సంచీ భుజాన వేసుకున్నాను. తీరా చూస్తే వీధి పొడుగునా ఇంద్రధనుస్సు జెండాలు, చేతులు పట్టుకుని నడిచే మగ జంటలు, ఆడ జంటలు, కాఫీ వాసన. అక్కగారు నా మొహం చూసి, "జలప్రళయం తర్వాత మీ దేవుడు పెట్టిందే కదండీ ఆ రంగులు. వెళ్ళి నిలబడండి, ఫొటో తీస్తాను," అన్నారు. నిలబడ్డాను. నా ప్రసంగాలు వినేవాళ్ళలో కొందరికి ఆ ఫొటో ఇంకా మింగుడుపడలేదు.

ఒక నవంబరులో చేసిన మాంట్రియల్ ప్రయాణం గురించి చెప్పాలి. వ్యాన్‌లో నలుగురు. నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన దంపతులు ఒక జంట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు రెండో జంట. ఒకాయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఇంకొకాయన లెక్చరర్‌గా. యౌవనం నుంచీ కలిసి బతుకుతున్నారు. ఏ ఊరు వెళ్ళినా కజిన్లమని చెప్పుకోవడం అలవాటు. బయల్దేరేముందు అక్కగారూ నేనూ వింటుండగానే లెక్చరర్ గారు ఆ బ్యాంకాయనతో అన్నారు: "ఇంత దూరం వచ్చాం. ఇక్కడ కూడా నన్ను కజిన్ని చేస్తే, నేను తిరుగు టికెట్ మార్చుకుని ఒక్కణ్ణే వెళ్ళిపోతా." ఆ గొంతులో హాస్యం లేదు.

హైవే ఎక్కామో లేదో, నెల్లూరు ఆంటీ వెనక్కి తిరిగారు. "మీరిద్దరూ వియ్యంకులాండీ?"

తెలుగువాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఈ అనుమానం రాదు. ఇద్దరు పెద్దవాళ్ళు కలిసి తిరుగుతుంటే వియ్యంకులు కాక ఇంకేమవుతారు? బ్యాంకు గారు "అవునమ్మా," అనేశారు.

"పిల్ల ఎవరి తాలూకు?"

"నా తాలూకేనమ్మా."

"అల్లుడు బాగా చూసుకుంటాడా?"

ఆ పూటకి ఆయన ఒక కూతుర్ని కన్నారు, పెళ్ళి చేశారు, కోపిష్ఠి అల్లుణ్ణి కట్టబెట్టారు. లెక్చరర్ గారు కిటికీ వైపు మొహం తిప్పుకుని ఆకులు రాలిపోయిన చెట్లు చూస్తూ కూర్చున్నారు. స్టీరింగ్ నా చేతిలో ఉంది, నాలుక మీద నిప్పుంది. నోరు తెరవబోతే అక్కగారు నా మోచేతి మీద తట్టారు. "రోడ్డు చూడండి పాస్టర్ గారూ. అది వాళ్ళ మాట. మనం చెప్పేది కాదు."

మాంట్రియల్ చేరాం. అక్కగారు కౌంటర్ దగ్గరికి వెళ్తుంటే నెల్లూరు ఆంటీ కాళ్ళు సాగుతాయని వెంట దిగారు, సామానుతో నేనూ వెళ్ళాను. అక్కడి అమ్మాయి గదుల వివరం చదివింది. ఆంటీకి ఇంగ్లీషు బాగానే వచ్చు.

"ఇదేంటమ్మా, వియ్యంకులకి ఒకే మంచమా? ఎంత అమర్యాద. రెండు వేయించు," అన్నారు, పాపం వాళ్ళ పరువు కాపాడుతున్నాననుకుని.

అక్కగారు "వాళ్ళనే అడుగుదాం రండి," అని బయటికి నడిచి వ్యాన్ తలుపు జరిపారు. చలిగాలి లోపలికి కొట్టింది. "సార్, మీకు మంచం ఒకటా, రెండా? మీరు ఏది చెబితే అది," అన్నారు, టీలో పంచదార ఎంత అన్నంత మామూలుగా.

లెక్చరర్ గారు మొదటిసారి కిటికీ నుంచి మొహం తిప్పి ఆయన్నే చూశారు. బ్యాంకు గారు సీటు బెల్టు విప్పుకున్నారు.

"ఒకటే," అన్నారు. "మేం వియ్యంకులం కాదమ్మా. ఈయన నా మనిషి. వయసులో ఉన్నప్పట్నుంచీ నా మనిషి."

నెల్లూరు ఆంటీ కొంగు నిండుగా కప్పుకున్నారు. చలికో, ఆలోచనకో. చివరికి, "అయితే ఆ పిల్ల?" అన్నారు.

"పిల్ల లేదమ్మా."

"అల్లుడూ లేడా? బాగుందండీ. నేను హైవే ఎక్కిన దగ్గర్నుంచీ ఆ పిల్ల కష్టానికి కుమిలిపోతున్నా. ఇద్దరూ సుఖంగా ఉన్నామని ఒక్క ముక్క చెబితే నాకీ గుండెదడ తప్పేది కదా." నిద్రపోతున్న భర్తను తట్టి లేపారు. ఆయన "ఏమైంది?" అంటే, "ఏం కాలేదు, సామాను దించండి. వాళ్ళు పెద్దవాళ్ళు, బరువులు ఎత్తలేరు," అన్నారు.

తర్వాత మా సంఘంలో కొందరు సహోదరులు నన్ను నిలదీశారు, అలాంటివాళ్ళతో ఎలా తిరుగుతావని. వాళ్ళకి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. సువార్తలో, దారిలో దెబ్బలు తిని పడివున్నవాణ్ణి గాడిద మీద ఎక్కించుకుని తెచ్చిన పరాయివాడి గురించి ప్రతి బోధకుడూ చెబుతాడు. ఆ రాత్రి తలుపు తీసిన పూటకూళ్ళవాడి గురించి ఎవడూ చెప్పడు. అతను కులగోత్రాలడిగాడా? నీకు వీడేమవుతాడని అడిగాడా? దీపం పట్టుకుని పక్క చూపించాడు. పాత నిబంధనలో, ఎండవేళ గుడారం గుమ్మంలో కూర్చున్న ఆ ముసలి తండ్రి ముగ్గురు అపరిచితులను చూసి పరుగెత్తాడే, ముందు కాళ్ళకు నీళ్ళిచ్చాడే గాని వివరాలడగలేదే. నేను గొంతు చించుకుని చెప్పేదంతా మా అక్కగారు బీన్స్ తరుగుతూ చేసేశారు. ఆమె నా సంఘానికి రాలేదని ఇప్పుడు ఎవరైనా పెదవి విరిస్తే, వాళ్ళతో మాత్రం నేను మెల్లగా మాట్లాడను.

వార్త తెలిసి నిన్న లెక్చరర్ గారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశారు. "మాంట్రియల్‌లో ఆ మర్నాటి సాయంత్రం గుర్తుందా అన్నా?" అన్నారు. గుర్తులేకేం.

సెయింట్ కేథరిన్ వీధిలో అప్పుడే సన్నగా మంచు మొదలైంది. కాసేపు నడుస్తామని వాళ్ళిద్దరూ దిగారు. నాలుగడుగులు వేశాక బ్యాంకు గారు తన గ్లవ్ తీసి జేబులో పెట్టుకుని, చెయ్యి పక్కకి చాపారు. లెక్చరర్ గారు ఆ చేతిని చూసి, అటూ ఇటూ చూసి, పట్టుకున్నారు. అక్కగారు హజార్డ్ లైట్లు వేసి, నడక వేగానికి వ్యాన్‌ని తగ్గించి, వాళ్ళకి చలేస్తే వెంటనే ఎక్కేలా వెనకే పోనిచ్చారు. మా వెనక కార్లు వరస కట్టాయి. ఒకడు హారన్ మొదలుపెట్టాడు, ఇంకొకడు అందుకున్నాడు. వెనక సీట్లో నెల్లూరు ఆంటీ జంతిక కొరుకుతూ, "మెల్లగానే పోనీ అమ్మా," అన్నారు. అక్కగారు అద్దం వంక కూడా చూడలేదు. వైపర్లు మంచు తుడుస్తుంటే, నారింజ రంగు దీపాలు ఆరి వెలుగుతుంటే, ముందు ఆ రెండు టోపీలు పక్కపక్కన కదిలిపోతుంటే, పెళ్ళి ఊరేగింపు నడిపిస్తున్న మనిషిలా ఆమె స్టీరింగ్ మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నారు.